నీడపట్టున ఈశ్వరి తీగ



మన ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి వున్నది. ప్రత్తీ మిరపా పండించే మనకు "పురుగు" అన్న మాట చెవిని పడితేనే ఒళ్ళు మండుతుంది. పెట్టుబడిలో ఎంత భాగము పురుగుమందుల కొట్టుకు పోతున్నదో మనకు తెలియనిది కాదు. అటువంటి మీ ముందుకు వచ్చి, "ఒక పురుగుకు మేతగా ఒక తీగను పెంచండి" అని చెబితే నవ్విపోతారని తెలుసు. నవ్వండి, తప్పులేదు. కాని చివరిదాకా చదివి నవ్వండి.

నేను చెప్పబోయేది ఈశ్వరి తీగను గురించి. మీలో చాలామంది దీనిని చూచే వుంటారు, పేరు తెలియకపోవచ్చును. నల్ల ఈశ్వరి అనీ, ఈశ్వరవేరు అనీ, గోవిల అనీ ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరుతో పిలుస్తారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అరిస్టొలోకియా ఇండికా. పేరులో ఇండికా అని వున్నది గదా, ఇది పరదేశపు మొక్క కాదు, మన నేలలో పుట్టినదే. నల్లమల వంటి అడవులలోనూ, కొండల దిగువ పొదలలోనూ, పాతకాలపు కంచెలలోనూ పెద్ద చెట్ల నీడను పట్టుకొని పైకి ప్రాకుతుంది. మండువేసవిలో ఆకు రాల్చి, తీగ ఎండి, ఇక చచ్చిపోయిందనుకొంటాము. అయితే దుంపవలె గట్టిపడిన వేరు భూమిలో బ్రతికే వుంటుంది. తొలకరి చినుకు పడగానే మళ్ళీ చిగురు వేస్తుంది. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి వుండే మొక్క.

దీనిని గుర్తుపట్టడము ఎట్లాగంటారా? ఆకు పొడుగ్గా వుండి, తొడిమ దగ్గర హృదయాకారంగా లోపలికి వంగి వుంటుంది. కొన్ని ఆకులు నడుమ కొంచెము నొక్కుకుపోయి ఫిడేలువలె కనిపిస్తాయి. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పువ్వు చూడముచ్చటైనది కాదుగాని మహా చమత్కారమైనది. అడుగున బుడ్డివలె ఉబ్బి, పైన సన్నని గొట్టము, ఆ పైన ఊదారంగు నాలుక. చిన్న చిన్న ఈగలు వాసనకు వచ్చి గొట్టములో దూరుతాయి. లోపల వెంట్రుకలు క్రిందివైపుకు వాలి వుంటాయి కాబట్టి తిరిగి వెలుపలికి రాలేవు. పుప్పొడి రాలిన తరువాత ఆ వెంట్రుకలు వాడిపోతాయి. అప్పుడు ఈగ ఒంటినిండా పుప్పొడి పూసుకొని బయటపడి, మరొక పువ్వులో దూరుతుంది. చేపల బుట్టలో దూరిన చేపకు విడుదల లేదు. ఈ ఈగకు మాత్రము మరునాటికి విడుదల దొరుకుతుంది, అంతే తేడా.

కాయ ఇంకా తమాషాగా వుంటుంది. పండి ఎండిన తరువాత తొడిమ వైపునుంచి ఆరు చీలికలుగా విడిపోయి, దారాలతో కట్టిన ఉట్టివలె తలక్రిందులుగా వ్రేలాడుతుంది. ఆ ఉట్టిలో పలుచని, బల్లపరుపుగా వుండే రెక్కల గింజలు దొంతరగా పేర్చి వుంటాయి. గాలి కొట్టినప్పుడల్లా కొన్ని ఎగిరిపోతాయి. ఎండిన కొమ్మకు ఉట్టి వ్రేలాడుతున్నదంటే అది ఈశ్వరి తీగే అని చెప్పవచ్చును.

దీనికి ఒక చెల్లెలు వున్నది. ఆమెను మీరందరూ ఎరుగుదురు. మన నల్లరేగడి చేలలో, గట్లమీద నేలబారున ప్రాకే గాడిదగడపర. గుండ్రని ఆకు, ముదురు ఊదా పువ్వు, నోట వేసుకోలేని చేదు. దున్నినా చావదు, పీకినా మళ్ళీ లేస్తుంది. దానిని కలుపుగానే చూస్తాము, గడ్డపారతో తవ్వి పారవేస్తాము. ఇప్పుడు గట్లమీద కలుపుమందు కొట్టడము కూడా అలవాటైంది గనుక, ఉన్న కొద్దిపాటీ మాడిపోతున్నది.

సరే, ఈ అక్కచెల్లెళ్ళతో మనకు పనేమిటి? ఇక్కడే అసలు సంగతి వున్నది.

వర్షాకాలములోనూ, ఆ తరువాత చలికాలములోనూ నల్లని పెద్ద సీతాకోకచిలుక ఒకటి నెమ్మదిగా తేలిపోతూ కనిపిస్తుంది. ముందు రెక్కలమీద తెల్లని పట్టీలు, వెనుక రెక్కలమీద కుంకుమ బొట్లు, శరీరము చూస్తే ఎర్రగా పసుపు కుంకుమలలో ముంచి తీసినట్లు వుంటుంది. ఇంగ్లీషువారు దీనిని క్రిమ్సన్ రోజ్ అన్నారు. దీనికి తోడు కామన్ రోజ్ అనే మరొకటి వున్నది. దాని వెనుక రెక్కల నడుమ తెల్ల మచ్చ, అంచున ఎర్ర మచ్చలు వుంటాయి. ఈ రెండింటి పిల్లలకూ, అంటే గొంగళి పురుగులకూ, లోకములో ఒకటే అన్నము. అది ఈశ్వరి కుటుంబపు ఆకు. ఈశ్వరి గాని, గాడిదగడపర గాని, ఆ కుటుంబములోనిదే మరొకటి గాని వుండాలి. అది లేకపోతే పస్తే. ప్రత్తి ఆకు పెట్టినా తినదు, మిరప ఆకు పెట్టినా తినదు, ఆకలితో చస్తుందేగాని మూతి పెట్టదు.

తల్లి సీతాకోకచిలుక గ్రుడ్డు పెట్టేముందు ఏమి చేస్తుందో తెలుసా? ఆకుమీద వాలి, ముందు కాళ్ళతో టకటక తట్టి చూస్తుంది. దాని నాలుక కాళ్ళలోనే వున్నదనుకోండి. రుచి కుదిరితేనే ఆకుమీదో లేత కాడమీదో నారింజరంగు గ్రుడ్డు పెడుతుంది. కొద్ది రోజులలో పురుగు బయటికి వస్తుంది. ముదురు ఎరుపు, నలుపు కలిసిన రంగు, ఒంటినిండా మెత్తని ముళ్ళవంటి బొడిపెలు, వాటి కొనలు ఎర్రగా వుంటాయి. నడుముకు తెల్లని మొలత్రాడు కట్టినట్లు పట్టీ వుంటే అది కామన్ రోజ్ పురుగు, పట్టీ లేకపోతే క్రిమ్సన్ రోజ్ పురుగు. ముట్టుకొంటే తలవెనుక నుంచి నారింజరంగు కొమ్ము ఒకటి బయటికి తీసి, వాసనతో బెదరించ చూస్తుంది. కరవదు, కుట్టదు. తిని తిని పెరిగి, చివరకు కాడకో పక్కనున్న కంపకో పట్టుదారముతో నడుము కట్టుకొని గూడుగా మారుతుంది. కొన్నాళ్ళకు ఆ గూడు పగిలి, తడిసిన రెక్కలతో చిలుక బయటపడుతుంది.

ఇప్పుడు మీ మనసులో ఒక ప్రశ్న పుడుతున్నది. "ఏమండీ, సీతాకోకచిలుకంటే పురుగుకు తల్లే గదా? మేము రాత్రింబగళ్ళు పురుగుతో చస్తూంటే, దాని తల్లికి పందిరి వేసి పెళ్ళి చెయ్యమంటారా?" అని.

న్యాయమైన ప్రశ్న. జవాబు చెబుతాను. మన ప్రత్తిని తినే పచ్చపురుగు, మిరపనూ ప్రత్తినీ కూడా తినే పొగాకు లద్దెపురుగు, ఈమధ్య మళ్ళీ తలయెత్తిన గులాబీరంగు పురుగు, వీటి తల్లులన్నీ రాత్రిళ్ళు తిరిగే రెక్కల పురుగులు. దీపపు ఎరకు వచ్చేవీ, లింగాకర్షక బుట్టలలో పడేవీ అవే. మగతగా, మట్టిరంగులో వుంటాయి. వాలినప్పుడు చాలావరకు రెక్కలు ఇంటికప్పువలె పరచుకొంటాయి, మీసాలు దారపు పోగుల్లాగా వుంటాయి. సీతాకోకచిలుక పగటిపూట తిరుగుతుంది. దాని మీసము కొన అగ్గిపుల్లవలె ఉబ్బి వుంటుంది. ఈశ్వరి తీగమీద పెరిగే పురుగు మీ చేలోకి దిగదు. ఆ భయము అక్కరలేదు.

అలాగని సీతాకోకచిలుకలన్నీ సాధువులని చెప్పను. కరివేపాకు చెట్టుమీదా, నిమ్మచెట్టుమీదా పక్షి రెట్టవలె కనిపించి, పెరిగిన తరువాత ఆకుపచ్చగా మారే పురుగు మీకు తెలుసు. అది మరొక సీతాకోకచిలుక బిడ్డ. దాని పేరు కామన్ మార్మన్. లేత నిమ్మ మొక్కలను అది కొంత పాడుచేస్తుంది. ఈ కామన్ మార్మన్ చేసే దొంగవేషము ఒకటి వున్నది, అది చెప్పకుండా ముందుకు పోలేను.

ఈశ్వరి ఆకులో విషమున్నది. ఆ ఆకు తిన్న పురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకొంటుంది. పురుగు చిలుకగా మారినా విషము పోదు. ఒకసారి నోట కరచుకొన్న పక్షి ఆ చేదు రుచి మరచిపోదు, మళ్ళీ ఆ ఎర్రబొట్ల జోలికి రాదు. అందుకే క్రిమ్సన్ రోజ్ అంత నింపాదిగా, ఎవరికీ జంకకుండా ఎగురుతుంది. కరివేపాకు తిని పెరిగిన కామన్ మార్మన్‌కు ఈ విషము లేదు. అయితే దాని ఆడవాటిలో కొన్ని అచ్చు క్రిమ్సన్ రోజ్ రెక్కలతో, మరికొన్ని కామన్ రోజ్ రెక్కలతో పుడతాయి. పోలీసు బట్టలు వేసుకొన్న పగటి వేషగానివలె పక్షిని మోసగించి బ్రతుకుతాయి. మీరు మోసపోకుండా వుండాలంటే శరీరము చూడండి. శరీరము ఎర్రగా వుంటే అసలుది, నల్లగా వుంటే వేషము. ఇటువంటి వేషాలను గురించి హెన్రీ బేట్స్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు అమెజాన్ అడవులలో చూచి 1862లో వ్రాశాడు. మనకు అమెజాన్ దాకా పోనక్కరలేదు, కరివేపాకు చెట్టు దగ్గర నిలబడితే చాలు.

ఈ తీగ పెంచితే డబ్బు వస్తుందా అంటే రాదు. ఈ చిలుక మీ ప్రత్తి దిగుబడి పెంచుతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ప్రత్తి పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే తాను కాయ కడుతుంది, మిరప కూడా అంతే. తేనెటీగ చేసే మేలు ఈ చిలుక చేయదు. మరి ఎందుకు పెంచాలి? రెండు కారణాలు చెబుతాను.

మొదటిది, మన చేతులతో మనము తీసివేసినదానిని మనమే తిరిగి పెట్టడము. జొన్న, కంది, వరిగ పండిన కాలములో ప్రతి చేనికీ ముళ్ళకంచె వుండేది, గట్టుమీద చెట్టు వుండేది, చెట్టుక్రింద నీడ వుండేది. సాగు పెరిగింది, గట్లు సన్నబడ్డాయి, కంచెలు పోయి తీగలూ రాతిస్తంభాలూ వచ్చాయి. నీడపట్టున బ్రతికే మొక్కకు నిలువ నీడ లేకుండా పోయింది. ఆ మొక్కతోపాటే ఆ చిలుకా పోతుంది.

రెండవది మన ఇంటికి సంబంధించినది. దానికి ముందు మందుల కథ కొంచెము చెప్పాలి. 1980ల మొదట్లో పైరెత్రాయిడ్ మందులు మన ప్రత్తి చేలలోకి వచ్చాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. కొద్ది సంవత్సరాలకే తెల్లదోమ విరుచుకుపడింది. 1987 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పచ్చపురుగు ఆ మందులకు లొంగకుండా పోయి, చేలను ఊడ్చివేసింది. ఆ కష్టము పెద్దలెవరూ మరచిపోలేదు. 2002లో బీటీ ప్రత్తి వచ్చి పచ్చపురుగు మందులు తగ్గించింది గాని, రసము పీల్చే పురుగులు మిగిలాయి, తరువాత గులాబీ పురుగు బీటీకి కూడా లొంగకుండా పోయింది. 2021లో మిరప పూలలో నల్ల తామరపురుగు వచ్చి పడింది. అప్పుడు ఎన్ని రకాల మందులు కలిపి కొట్టామో లెక్క లేదు.

ఆ లెక్క లేని వారిలో నేనూ వున్నాను. నా తప్పు నేనే చెప్పుకొంటాను. అంతకు మూడేళ్ళ ముందు మిరపతోట పక్కన, కంచె వెంబడి నాలుగు ఈశ్వరి తీగలు నాటాను. చక్కగా ప్రాకాయి, చిలుకలు వచ్చాయి, పురుగులు పడ్డాయి. మనుమరాలు రోజూ వచ్చి లెక్కపెట్టేది. 2021 చివరలో తామరపురుగు వచ్చినప్పుడు నేను వారానికి రెండు తడవలు మందు కొట్టించాను. తీగలు మడికి పది గజాల దూరములో వున్నాయి గదా అని ఊరుకొన్నాను. మరునాడు చూస్తే పురుగులు ఆకులకు వ్రేలాడుతూ కొన్ని, నేలమీద మెలికలు తిరుగుతూ కొన్ని. సాయంత్రానికి ఒక్కటీ మిగలలేదు. "తాతయ్యా, వీటికి ఏమైంది?" అని పిల్ల అడిగింది. నాకు నోట మాట రాలేదు. పిల్ల నిలబడి పురుగులు లెక్కపెట్టేది కూడా అక్కడే గదా! పది గజాలు దాటి పురుగును చంపిన మందు, పిల్లను చూచి ఆగి వెనుకకు పోయిందా?

కాబట్టి నేను ఈ తీగను ఇప్పుడు ఒక గుర్తుగా చూస్తున్నాను. ఇది ప్రయోగశాలలో చేసే పరీక్ష కాదు. పురుగు బ్రతికివుంటే అంతా క్షేమమని హామీ ఇవ్వలేను. అయితే ఇంటి పక్క ఈశ్వరి తీగమీద పురుగులు ఉన్నట్లుండి రాలిపోయాయంటే, గాలి ఏదో మోసుకువచ్చిందని అనుమానించాలి. పిల్లలు ఆడుకొనే చోటికీ, త్రాగే నీటి తొట్టికీ, ఆరవేసిన బట్టలకూ అదే గాలి వస్తుంది. మందు కొట్టే రోజున పిల్లలను లోపల వుంచడము, నీళ్ళమీద మూత పెట్టడము, గాలి ఇంటివైపు వున్నప్పుడు కొట్టకుండా వుండడము, ఇవన్నీ చెప్పుకొనే మాటలే. ఆ తీగ వాటిని రోజూ కంటి ఎదుట గుర్తుచేస్తుంది.

ఇక పెంచే విధానము తెలిసికొందాము.

స్థలము ముందు చూడండి. చేని గట్టు వద్దు. ఊళ్ళో ఇంటి దొడ్డి మేలు. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నము నీడ వుండే చోటు కావాలి. కానుగ చెట్టు క్రింద గాని, వేపచెట్టు తూర్పు వైపున గాని, బావి గట్టున గాని, ఇంటికి తూర్పు గోడ పక్కన గాని చక్కగా సరిపోతుంది. మన మే నెల ఎండకు ఎదురుగా నాటితే లేత తీగ మాడిపోతుంది. బొత్తిగా చీకటిగా వుండే చోట నాటితే ప్రాకుతుంది గాని ఆకు పలుచబడి, తల్లి చిలుక దానిని కనుగొనలేదు. పొడ నీడ, అంటే ఆకుల సందుల్లోంచి ఎండ పొడలు పొడలుగా పడే చోటు, అన్నిటికంటె మంచిది.

మన నేల నల్లరేగడి. వానకు బురదయి నీరు నిలుస్తుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. ఈశ్వరి వేరుకు రెండూ పనికిరావు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, నెర్రె విడిస్తే లేత వేరు తెగుతుంది. అందుచేత మూర లోతు, మూర వెడల్పు గొయ్యి తీసి, తీసిన మట్టిలో ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, గొయ్యి నింపి, పైన జానెడు ఎత్తు దిబ్బగా చేయండి. పచ్చి ఎరువు వేయవద్దు. రసాయనపు ఎరువు అక్కరలేదు. దిబ్బచుట్టూ ఎండాకులు పరిస్తే నెర్రెలు విడవవు, చెమ్మ ఆరదు. అడవిలో దానికి అలవాటైన పరుపు అదే గదా.

మొక్కకు మూడు మార్గాలు వున్నాయి. గింజ, కాడ ముక్క, వేరు ముక్క. గింజలు కావలిస్తే, వానలు వెనుకబట్టిన తరువాత కాయ పసుపురంగుకు తిరిగి, చీలబోయే సమయములో కోసి నీడన ఆరబెట్టండి. ఆలస్యము చేస్తే ఉట్టి విచ్చుకొని గింజలు గాలికి పోతాయి. పాతబడ్డ గింజ సరిగా మొలవదు కాబట్టి ఎక్కువ కాలము దాచవద్దు. ఒక రాత్రి నీళ్ళలో నానవేసి, మట్టి కుండీలలోనో చిన్న సంచులలోనో గోరు లోతున పెట్టి, నీడలో వుంచి, పైపైన తడుపుతూ వుండండి. అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మూడు నాలుగు వారాలకు, కొన్ని ఇంకా ఆలస్యముగా వస్తాయి. రాలేదని కుండీ బోర్లించకండి.

కాడ ముక్కలకు తొలకరి మంచి సమయము. మరీ లేతదీ, మరీ ముదురుదీ కాని కాడను మూడు కణుపులు వుండేట్లు కోసి, రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన వుండేట్లు ఏటవాలుగా గుచ్చండి. నాలుగు గుచ్చితే రెండు బ్రతికినా లాభమే. వేరు ముక్క త్వరగా చిగురిస్తుంది. అయితే దానికోసము అడవిలో నిక్షేపముగా పెరుగుతున్న తీగను తవ్వి తేవద్దు. ఒక మొక్కను చంపి ఒక మొక్కను పెంచడములో అర్థము లేదు. గింజలు తెచ్చుకోండి, లేదా దొడ్డిలో వున్నవారిని అడిగి కాడ తెచ్చుకోండి. అటవీ భూములలో అనుమతి లేనిదే దేనినీ ముట్టరాదని వేరే చెప్పనక్కరలేదు.

నర్సరీలో కొనేవారికి ఒక హెచ్చరిక. చేయంత వెడల్పు మచ్చల పువ్వులు పూసే పరదేశపు జాతులు ఇదే కుటుంబములో వున్నాయి. పందిరికి అందముగా వుంటాయని అమ్ముతారు. వాసన చూచి తల్లి చిలుక వాటిమీద గ్రుడ్లు పెట్టవచ్చును, కాని ఆ ఆకు పిల్లలకు పడకపోవచ్చును. ఆస్ట్రేలియాలో ఇదే జరిగింది. దక్షిణ అమెరికానుంచి తెచ్చిన అటువంటి తీగమీద అక్కడి రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద చిలుక గ్రుడ్లు పెట్టడము, ఆకు తిన్న పిల్లలు చచ్చిపోవడము చూచి, ఆ తీగను పీకించి, తమ దేశపు తీగను బడులలో, తోటలలో నాటించారు. మనము ముందే జాగ్రత్తపడుదాము. మన ఈశ్వరే మనకు చాలు.

జూన్, జులై నెలలలో నేల పదునైన తరువాత మొక్కలు దిబ్బలలో నాటండి. ఒక్క తీగ నాటి ఊరుకొంటే లాభము లేదు. ఆకలిగొన్న పురుగులు పదిరోజులలో దానిని కాడదాకా గీకివేస్తాయి, తరువాత తిండిలేక మాడుతాయి. కనీసము ఆరు, చోటుంటే పది తీగలు, గజానికి ఒకటి చొప్పున పెట్టండి. పాకడానికి ఎండు కంపో, వెదురు తడికో, తాటి నారతో అల్లిన చిన్న పందిరో వేయండి. ఇనుప జాలి ఎండకు కాలుతుంది, నీడలో అయితే పరవాలేదు. మొదటి ఏడు తీగ బలహీనముగానే వుంటుంది, వేరు ఊరడానికి ఆ ఏడు పడుతుంది. రెండవ వానకాలానికి గాని అసలు బలము చూపదు. ఓపిక పట్టండి.

నీళ్ళు వానలు లేనప్పుడు వారానికి రెండు తడవలు చాలు. వేసవిలో తీగ ఎండి రాలిపోతే కంగారుపడి పీకివేయవద్దు. పది పదిహేను రోజులకు ఒకసారి కడవెడు నీళ్ళు పోస్తూ, దిబ్బమీద ఆకుల పరుపు చెదరకుండా చూడండి. మొదలు ఎక్కడున్నదో గుర్తుకు ఒక పుల్ల పాతిపెట్టండి. లేకపోతే వేసవిలో దొడ్డి శుభ్రము చేసేటప్పుడు పారతో నరికివేస్తారు. మా ఇంట అదీ జరిగింది.

తీగకు పేనుబంక పడితే నీళ్ళతో కడిగివేయండి. మందు మాత్రము ఏదీ వద్దు. వేపనూనె మంచిదే గదా అనుకొంటారు. వేపగింజ కషాయము లద్దెపురుగుకు ఎట్లా తిండి సహించనివ్వదో, ఈ పురుగుకూ అంతే. బ్యాక్టీరియా మందు కూడా గొంగళి పురుగులన్నిటినీ ఒకేరీతిగా చంపుతుంది, మంచీ చెడూ చూడదు. ఆకులన్నీ పురుగులు తినివేసినా దిగులుపడకండి. మనము నాటినది వాటికోసమే. వేరు బలముగా వుంటే మూడు వారాలలో మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది.

పెద్ద చిలుకకు ఆకు అక్కరలేదు, తేనె కావాలి. దగ్గరలో ఎండ తగిలే చోట నూరువరహాలు, బంతి వంటి పూల మొక్కలు నాలుగు వుంచండి. ఎర తీగమీద, తేనె పువ్వుమీద, రెండూ వున్న దొడ్డిని అది విడిచిపోదు. మా ఇంట తీగలను కానుగ చెట్టు క్రిందికి మార్చిన తరువాత ఒక ఏడాది పట్టింది, మళ్ళీ మొదటి చిలుక రావడానికి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. దయచేసి దీనిని తేలికగా తీసుకోవద్దు.

ఈశ్వరి వేరును పాముకాటుకనీ, నులిపురుగులకనీ, ఆడవారి బాధలకనీ పూర్వము నుంచి వాడుతూ వచ్చారు. గాడిదగడపర పసరు కూడా అట్లాగే. పెద్దలమీద గౌరవముతోనే చెబుతున్నాను, ఇవి కడుపులోకి తీసుకోకూడదు. ఈ కుటుంబపు మొక్కలలో అరిస్టొలోకిక్ ఆమ్లము అనే విషమున్నది. అది మూత్రపిండాలను మెల్లగా పాడుచేస్తుంది, మూత్రనాళాలలో క్యాన్సరు పుట్టిస్తుంది. 1990ల మొదట్లో బెల్జియం దేశములో బరువు తగ్గడానికని ఇచ్చిన చీనా మూలికల మందులో పొరపాటున ఈ కుటుంబపు వేరు కలిసింది. వందమందికి పైగా స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2002లో ఈ మూలికలను మనుష్యులకు క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

రైతులమైన మనకు ఇంకా దగ్గరగా తగిలే ఉదాహరణ మరొకటి వున్నది. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల వెంబడి కొన్ని పల్లెలలో తరతరాలుగా మూత్రపిండాల జబ్బు పట్టి పీడించింది. ఒకే ఇంట తండ్రి పోతాడు, కొడుకు పోతాడు. ఎందుకో చాలాకాలము తెలియలేదు. చివరకు తేలినది ఇది: గోధుమ చేలలో ఈ కుటుంబపు కలుపు మొక్క పెరిగేది, కోతలో దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి, రొట్టెలోకి పోయేవి. ఏళ్ళ తరబడి కొంచెము కొంచెముగా తిన్నారు. కాబట్టి మన చేలో గాడిదగడపర వుంటే, ధాన్యముతో, పప్పులతో దాని గింజ కలవకుండా చూసుకోవాలి. కోతకు ముందే ఏరివేయండి. ఆ మొక్కకు చోటు గట్టుమీద వున్నది, చేలో లేదు.

దొడ్డిలో కూడా కొన్ని నియమాలు పెట్టుకోండి. ఆకుకూర మడి పక్కన ఈశ్వరి నాటవద్దు, ఏరేటప్పుడు ఆకు కలుస్తుంది. తిప్పతీగ వున్న పందిరికి దీనిని ప్రాకించవద్దు. కషాయాలకు తిప్పతీగ కోసేవారు పొరపాటు పడవచ్చును. గొడ్లకు మేత వేసే చోట వద్దు. వేరు తవ్విన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలకు "చూడు, ముట్టుకో, నోట పెట్టుకోవద్దు" అని నేర్పండి. గర్భిణులు దీని జోలికి అసలే పోకూడదు. పాము కరిస్తే వేరు కోసము వెదుకుతూ ఒక్క నిమిషము పాడుచేయవద్దు. కదలకుండా పడుకోబెట్టి, కరచిన చోట కోయకుండా, కట్టు బిగించకుండా, నేరుగా విరుగుడు సూది మందు వున్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఈశ్వరి తీగ ఇంట వుంటే పాము రాదనే నమ్మకము కూడా వదిలిపెట్టండి. చీకట్లో దీపము పట్టుకొని నడవడమే పాముకు సరియైన మందు.

ఇంత విషమున్న మొక్కను ఇంట పెంచమంటారా అని అడుగుతారేమో. గన్నేరు మన వాకిళ్ళలో లేదా? జిల్లేడు లేదా? ఉమ్మెత్త లేదా? తెలిసి పెంచితే ప్రమాదము లేదు, తెలియక వాడితేనే ప్రమాదము. మనకు విషమైనది ఒక ప్రాణికి అన్నమయింది, ఆ ప్రాణికి కవచము కూడా అయింది. మనము దానిని తినకుండా వుంటే చాలు, అది దాని పని చూసుకొంటుంది.

ప్రత్తి మానమని నేను చెప్పడము లేదు, మందు మానమనీ చెప్పడము లేదు. అది రేపో మాపో అయ్యే పని కాదని నాకు తెలుసు. అర సెంటు నేల చాలు. చెట్టు నీడ వున్నచోట, గాలి మందు తేనిచోట, ఒక మూల విడిచిపెట్టండి. ఈ తొలకరికి ఆరు దిబ్బలు వేయండి. వచ్చే ఏడు కార్తీకానికి ఎర్ర శరీరపు నల్ల చిలుక ఒకటి మీ దొడ్లోకి తేలుతూ వచ్చి, ఆకుమీద వాలి, ముందు కాళ్ళతో తట్టి చూస్తే, పిల్లలను పిలిచి చూపించండి. ఆ రోజున మీ ఇంటి గాలి కొంతవరకు శుభ్రముగా వున్నదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.